మెకానిక్ స్టెతస్కోప్: పాత కారు మీద ఐదేళ్ళు వాడాక

మాది 2010 మోడల్ పెట్రోల్ కారు, నాలుగు సిలిండర్ల బండి. ఇప్పటికి 1,74,000 కిలోమీటర్లు తిరిగింది. ఐదేళ్ళ కిందట బానెట్ లోంచి గుర్రుమని ఒక మోత మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పెరిగేది. ఒక షెడ్డులో చూపిస్తే రెండు నిమిషాలు విని, ఇంజన్ బోర్‌కొచ్చింది (లోపల సిలిండర్లు అరిగిపోయాయి), దించాల్సిందే, నలభై వేలు అవుతుందన్నారు. విశాఖలో ఎంవీపీ కాలనీ నుంచి అమ్మను కేజీహెచ్ ఆసుపత్రికి చెకప్‌కి తీసుకెళ్ళేది ఆ కారులోనే. ఆ రాత్రి నాకు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

మర్నాడు గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి, మొనను ఇంజన్‌కి ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నారు. "మోత ఎక్కడుందో తెలీకుండా ఇంజన్ దించేస్తే ఎలాగండి బాబూ?" అన్నారు. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి ఈ స్టెతస్కోప్ తెప్పించుకున్నాను. అప్పట్లో 350 రూపాయలు.

చూడ్డానికి డాక్టర్లు వాడేదే. గుండె మీద పెట్టే బిళ్ళ ఉండాల్సిన చోట జానెడు పైన పొడవున్న ఇనుప కడ్డీ ఉంటుంది, అంతే తేడా. కడ్డీ మొన ఏ భాగాన్ని తాకితే దాని అదురు చెవిలో చప్పుడుగా వినిపిస్తుంది. స్క్రూడ్రైవర్ కూడా ఇదే పని చేస్తుంది గానీ, దాంతో ముఖాన్ని తిరుగుతున్న బెల్టు దగ్గరికి తీసుకెళ్ళాలి. దీంతో తల దూరంగా ఉంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

మొదటి ఆదివారం పొద్దున్నే బండి స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ లాగి, బానెట్ ఎత్తాను. కడ్డీని మొదట ట్యాపెట్ కవర్ (వాల్వుల మీదుండే ఇంజన్ పైమూత) మీద పెడితే టకటకమని ఒకే లయలో సన్నటి చప్పుడు, కుట్టుమిషన్ ఆడుతున్నట్టు. వాటర్ పంప్ దగ్గర మెత్తగా తిరుగుతున్న చప్పుడే. బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ బాడీ మీద, బెల్టు తిప్పే చక్రానికి (పుల్లీ) దగ్గరగా పెట్టేసరికి చెవిలో రోట్లో రాళ్ళ ఉప్పు నూరినట్టు గరగర. చెవులు మోసం చేస్తున్నాయేమోనని మూడుసార్లు అటూ ఇటూ మార్చి చూశాను. ప్రతిసారీ గరగర అక్కడే.

అయినా ఒక్క చెవి సాక్ష్యం చాలదు. ఇనుములో చప్పుడు చాలా దూరం పాకుతుంది, పక్క భాగం మోత కూడా ఇక్కడిదే అనిపిస్తుంది. అందుకే ఇంజన్ ఆపి, బెల్టు తీసేసి, అర నిమిషం మాత్రం నడిపాను. బెల్టు లేకపోతే మా బండిలో వాటర్ పంప్ తిరగదు, అంతకన్నా ఎక్కువసేపు నడపకూడదు. మోత పూర్తిగా పోయింది. అంటే ఇంజన్ లోపలిది కాదు, బెల్టు తిప్పే వాటిలోదే. ఇంజన్ ఆపేసి ఆల్టర్నేటర్ పుల్లీని చేత్తో తిప్పితే ఇసుక పడ్డట్టు గరుకుగా తగిలింది. బేరింగులు మార్పిస్తే మజూరీతో కలిపి 900 రూపాయలైంది. ఇంజన్ దించే పనే రాలేదు.

ఇది అన్నిటికీ పనికొస్తుందనుకోకండి. రెండేళ్ళ తర్వాత ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగి ఏసీ వేస్తే స్టీరింగ్, సీటు దడదడలాడేవి. స్టెతస్కోప్‌తో ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. స్పార్క్ ప్లగ్గులు కూడా అనవసరంగా మార్చాను. మిస్సింగ్ (ఒక సిలిండర్ సరిగ్గా మండకపోవడం) అయితే కుదుపు ఒక పద్ధతిలో ఉండదు, మధ్యమధ్య తడబడుతుంది. నాది ఒకే తీరున అదిరేది, యాక్సిలరేటర్ కొంచెం తొక్కితే తగ్గేది. ఆ తేడా అప్పుడే గమనించి ఉండాల్సింది. చివరికి మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి, బ్రేక్ గట్టిగా తొక్కించి, ఫస్ట్ గేరులో క్లచ్ కొద్దిగా వదలమని పక్కనుంచి చూశాను. ఇంజన్ ఒక్కసారిగా పైకి లేచింది. ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే ముందరి ఫౌండేషన్ రబ్బరు చిరిగిపోయి ఉంది. అదురు సంగతి చెవికన్నా కంటికే బాగా తెలిసింది.

సముద్రపు గాలి తెచ్చే మోత ఇంకొకటి. బీచ్‌రోడ్డు దగ్గర ఉండేవాళ్ళు సైలెన్సర్ పైన ఉండే హీట్ షీల్డ్ రేకును చూసుకోవాలి. మా బండికి దాని బోల్టుల దగ్గర తుప్పు తినేసి, 2,000 ఆర్పీఎం దగ్గర మాత్రం గణగణమనేది. బండి చల్లారాక చేత్తో తడితే అదే చప్పుడు వచ్చింది. పెద్ద క్లిప్పు బిగిస్తే సరిపోయింది. సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు వచ్చే నాకింగ్‌ని (పెట్రోల్ వేళ తప్పి మండితే వచ్చే చప్పుడు) పట్టడానికి కూడా ఈ పరికరం పనికిరాదు. ఆగి ఉన్న బండిలో ఆ మోత రాదు మరి.

మన్నిక ఫర్వాలేదు. కడ్డీకి ఇక్కడి ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, వాడిన ప్రతిసారీ నూనె గుడ్డతో తుడుస్తాను. మూడో ఏడు చెవి బుడిపెలు గట్టిపడి నొప్పి పుట్టించాయి. అమ్మ చెకప్‌కి వెళ్ళినప్పుడు కేజీహెచ్ దగ్గర సర్జికల్ షాపులో డాక్టర్ల స్టెతస్కోప్ బుడిపెలు కొని తొడిగాను, సరిగ్గా పట్టాయి.

వాడేటప్పుడు వదులు చొక్కా చేతులు, మెడలో తువ్వాలు వద్దు. రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది, కడ్డీని దాని దరిదాపులకు పోనివ్వకండి. లోతైన డబడబ మోతతో పాటు ఆయిల్ లైటు వెలిగితే మాత్రం స్టెతస్కోప్‌తో వెతుకుతూ కూర్చోకండి. వెంటనే ఇంజన్ ఆపి, బండిని లాగించుకుని వెళ్ళండి. అక్కడ ఒక్క నిమిషం నడిపినా నష్టమే.

ఈ నెలలో కొత్తగా, పొద్దున్న చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే టిక్‌టిక్ వస్తోంది. రెండు నిమిషాల్లో వేడెక్కగానే పోతోంది. ట్యాపెట్ అనుకున్నాను, కవర్ మీద పెడితే అక్కడ పాత లయే ఉంది. కడ్డీ ఊడదీసి వట్టి గొట్టంతో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి పొగ బయటికి పోయే గొట్టాలు) చుట్టూ విన్నాను. గాలి కారే చోట్లకు అదే పద్ధతి. మూడో సిలిండర్ దగ్గర ఫుస్ ఫుస్‌మని స్పష్టంగా వినబడింది. అక్కడ గాస్కెట్ (అతుకులో పొగ కారకుండా పెట్టే పలక) అంచున నల్లటి మసి కూడా ఉంది. వచ్చే ఆదివారం ఆటోనగర్ పెద్దాయన దగ్గర మార్పిస్తున్నాను.