మాయ ఊడిరాకపోతే: గర్భసంచి తీసేయడమా, మాయను లోపలే వదిలేయడమా?

పాత సిజేరియన్ మచ్చ మీదే మాయ కూర్చుంటే అది గర్భసంచి కండలోకి దిగిపోవచ్చు. నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగానే రక్తం పారుతుంది. అలాంటి మాయను చేత్తో లాగితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

మొదటి దారి, బిడ్డను తీశాక మాయను ముట్టుకోకుండా గర్భసంచితో సహా తీసేయడం. రక్తం సీసాలు సిద్ధం చేసుకుని, సాధారణంగా 34–36 వారాల మధ్య ముందే తేదీ పెట్టుకుంటారు. మూత్రాశయానికి గాయమయ్యే ప్రమాదం ఉంది, ఇక పిల్లలు పుట్టరు. అయినా చాలావరకు ఆ ఆపరేషన్‌తోనే సంగతి తేలిపోతుంది.

రెండోది, బొడ్డుతాడును మాయకు దగ్గరగా కట్టి కోసి, మాయను లోపలే ఉంచి కుట్లు వేయడం. అది కరగడానికి నెలలు పట్టొచ్చు. ఫ్రాన్స్‌లో 167 మందిపై 2010లో వెలువడిన పరిశీలనలో 78 శాతం మందికి గర్భసంచి దక్కింది. వినడానికి బాగానే ఉంది. కానీ ఇంటికెళ్లాక జ్వరం, దుర్వాసన, ఏ అర్ధరాత్రో ఉన్నట్టుండి రక్తస్రావం. అప్పుడు ఆస్పత్రి రెండు గంటల దూరంలో ఉంటే? మెథోట్రెక్సేట్ అనే మందు ఇచ్చి మాయను కరిగిద్దామన్న పాత ఆలోచనను ఇప్పుడు నిపుణులు వద్దంటున్నారు.

ఇంకో బిడ్డ కావాలన్న కోరిక గట్టిగా ఉండి, పెద్దాస్పత్రికి దగ్గర్లో నెలల తరబడి ఉండగలిగితేనే రెండోదాని గురించి డాక్టరును అడగమంటాను.