పాత స్కార్పియోనా, పాత డస్టరా?

లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన డీజిల్ బండి విశాఖలో కొంటుంటే మీటర్ కంటే ముందు బండి అడుగు చూడాలి. ఎంవీపీ కాలనీ, భీమిలి వైపు ఉన్న బండిని ఉప్పుగాలి తుప్పు పట్టించకుండా వదలదు.

ఎంహాక్ (మహీంద్రా డీజిల్ ఇంజిన్) స్కార్పియోది లాడర్ ఫ్రేమ్, అంటే బాడీ కింద నిచ్చెనలా ఉండే విడి ఇనుప చట్రం. లిఫ్ట్ ఎక్కించి, వెల్డింగ్ అతుకుల దగ్గర స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. పెచ్చులు రాలితే బేరం అక్కడితో ఆపేయండి. కొత్తగా నల్ల కోటింగ్ కొట్టి ఉంటే నాకు మరీ అనుమానం. రెనో డస్టర్‌కి విడి ఫ్రేమ్ లేదు, కాబట్టి ఫ్లోర్, డోర్ల కింది అంచులు, సస్పెన్షన్ బిగించిన చోట్లలో తుప్పు వెతకాలి.

ఇంజిన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పేది స్కార్పియోలో టైమింగ్ చైన్. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేసి గరగర వస్తుందేమో వినండి. డస్టర్ 1.5 డీజిల్‌లో ఆ పని చేసేది బెల్ట్. అది తెగితే వాల్వులు వంగిపోతాయి. మార్చిన బిల్లు చూపించకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

హైవే మీద డస్టర్ హాయి. కానీ ఆ తరం డస్టర్ తయారీ మన దేశంలో 2022లో ఆగిపోయింది. స్పేర్ల టెన్షన్ వద్దనుకుంటే నా ఓటు తుప్పు లేని స్కార్పియోకే.

ఏదైనా సరే, సింహాచలం ఘాట్ ఎక్కించండి. ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) పెరిగినా బండి లాగకపోతే క్లచ్ అయిపోయినట్టే. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది.