చెన్నై ఇంటికి ప్లైవుడ్డా, హెచ్‌డీహెచ్‌ఎంఆరా?

వానకు నీళ్లు నిలిచే వేళచ్చేరి లాంటి చోట గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లయితే సింక్ కింది క్యాబినెట్‌కు ఐఎస్ 710 (నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న ప్లైవుడ్డే వేయించండి. పొరలు అతికించిన జిగురు 72 గంటలు మరిగే నీళ్లలో ఉన్నా విడిపోకూడదన్నది దాని పరీక్ష. షాపువాళ్లు ‘వాటర్‌ప్రూఫ్’ అనగానే తలూపకండి, షీట్ మీద ఆ నంబర్ చూడండి.

హెచ్‌డీహెచ్‌ఎంఆర్ అంటే చెక్కపీచును జిగురుతో గట్టిగా అదిమి చేసిన బోర్డు. గాలిలో తేమను తట్టుకుంటుంది. అంచు పట్టీ ఊడి నీళ్లు లోపలికి చేరితే మాత్రం ఉబ్బుతుంది. నవంబర్ వానల్లో ఆ టెన్షన్ ఎందుకు?

వార్డ్‌రోబ్ తలుపులకైతే నా ఓటు హెచ్‌డీహెచ్‌ఎంఆర్‌కే. నున్నగా ఉంటుంది, పెయింట్ బాగా పడుతుంది, పొడవు తలుపులు వంకర తిరిగే బెడదా తక్కువ. బరువెక్కువ కాబట్టి హింజెస్ గట్టివి వేయించాలి. పట్టుచీరల దొంతరలు మోసే పొడవైన అరలకు మళ్లీ ప్లైవుడ్డే.