పాత బీఎంఎక్స్‌కు ఏ మార్పు మేలు, ఏది చేటు?

బీఎంఎక్స్ అంటే పందేలకూ విన్యాసాలకూ వాడే చిన్న చక్రాల సైకిలు. పాత బీఎంఎక్స్ ఫ్రేముల మీద జరిగే ఘోరాల్లో సగం ఆకురాయితోనే జరుగుతాయి. వెనక చక్రం యాక్సిల్ కూర్చునే డ్రాపౌట్ గాడి 1980ల ఫ్రేముల్లో దాదాపు 10 మి.మీ. ఉంటుంది. ఆనాటి యాక్సిల్ మందం 3/8 అంగుళం, అంటే 9.5 మి.మీ. తర్వాతి కాలంలో పెగ్గుల (యాక్సిల్ చివర్లకు తగిలించే పొట్టి గొట్టాల) మీద మెట్ల రెయిలింగులు గీరే ఆట ముదిరాక 14 మి.మీ. యాక్సిల్ మామూలైంది. కొత్త హబ్ (చక్రం నడుమ ఉండే భాగం) కొన్నవాళ్లు గాడిలో పట్టలేదని రెండు పక్కలా రెండేసి మి.మీ. అరగదీస్తారు. ఒక పక్క కాస్త ఎక్కువ తెగితే చక్రం వంకరగా కూర్చుంటుంది, గాడి పెదవులు పలచబడతాయి. ఆ ఇనుము మళ్లీ రాదు.

అందుకే ఇక్కడ ప్రతి మార్పునూ ఒకే ప్రశ్నతో తూస్తున్నాం. మనసు మారితే, ఒక సాయంత్రం స్పానర్లు పట్టుకుని కూర్చుని, పాత రూపానికి తేగలమా? తేగలిగితే ధైర్యంగా చేయవచ్చు. లేకపోతే ఆ అవసరానికి వేరే ఫ్రేము చూసుకోవడం మంచిది. ఈ మాటలన్నీ 1980 నుంచి 1988 దాకా వచ్చిన 20 అంగుళాల సైకిళ్లకు వర్తిస్తాయి: రెడ్‌లైన్, మంగూస్, హారో, జీటీ, స్కైవే, కువహారా లాంటివి.

3/8 యాక్సిలా, 14 మి.మీ. యాక్సిలా?

బలంలో పోటీయే లేదు. గట్టి ఇనుప కడ్డీ వంపును తట్టుకునే శక్తి దాని మందం ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది. 14ను 9.5తో భాగించి ఘనం చేస్తే మూడు రెట్లు దాటుతుంది. పెగ్గు మీద మనిషి బరువంతా ఎత్తు నుంచి పడే ఆటకు 3/8 యాక్సిల్ చాలదు. వంగుతుంది, వంగాక హబ్ లోపలి కోనులు బేరింగ్ బాల్స్‌ను నమిలేస్తాయి.

కానీ పాత సైకిలుతో ఆ ఆట ఎందుకు? నేల మీద మెల్లగా తిరిగే ఫ్లాట్‌ల్యాండ్ విన్యాసాలకు 3/8 యాక్సిల్, తేలికైన అల్యూమినియం పెగ్గులు సరిపోతాయి. అంతకు మించి కావాలంటే లోపల మరతో, బోల్టుతో బిగిసే ఫిమేల్ యాక్సిల్ హబ్ ఉంది. 3/8 లేదా 10 మి.మీ. బోల్టులు ఉన్నది ఎంచుకుంటే గాడిని ముట్టుకోనక్కర్లేదు. హబ్ వెడల్పు వెనక 110, ముందు 100 మి.మీ. ఉందా అని కొనేముందే కొలవండి. నట్టుల విషయంలో ఇంకో చిక్కు ఉంది. 3/8 యాక్సిల్ మర అంగుళానికి 26 చుట్లదీ, 24 చుట్లదీ రెండూ కనిపిస్తాయి. 24 చుట్ల నట్టును 26 చుట్ల యాక్సిల్ మీద బలవంతంగా తిప్పితే రెండు చుట్లు ఎక్కి అక్కడే ఇరుక్కుంటుంది, మర పోతుంది. చేత్తో సులువుగా తిరగని నట్టుకు స్పానర్ తగిలించకండి.

44/16 ఉంచాలా, 25/9కి దిగాలా?

పెద్ద చైన్‌వీలు పాత బీఎంఎక్స్ ముఖం లాంటిది. 44 పళ్ల చైన్‌వీలు, 16 పళ్ల ఫ్రీవీలు కలిస్తే నిష్పత్తి 2.75. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 4.2 మీటర్లు పోతుంది. ఇప్పటి సైకిళ్లలో కనిపించే 25/9 నిష్పత్తి 2.78. తొక్కితే కాళ్లకు తేడా తెలియదు. మరి ఎందుకు మారుస్తారు? చైన్‌వీలు సగం వెడల్పు 38 మి.మీ. తగ్గుతుంది కాబట్టి గట్టు మీద నుంచి దూకేటప్పుడు పళ్లు సిమెంటుకు కొట్టుకోవు. కాస్త బరువూ తగ్గుతుంది.

దీనికి చెల్లించే ధర గురించి అమ్మేవాళ్లు చెప్పరు. కాలు అదే బలంతో తొక్కినా, చైన్‌వీలు చిన్నదయ్యేకొద్దీ చైన్ మీద లాగుడు పెరుగుతుంది. 44 నుంచి 25కు దిగితే అది సుమారు 1.75 రెట్లు అవుతుంది. పైగా ఆ లాగుడంతా వెనక తొమ్మిది పళ్లలో చైన్ పట్టుకున్న నాలుగైదు పళ్ల మీదే పడుతుంది. చైనూ పళ్లూ త్వరగా అరుగుతాయి, యాక్సిల్ గాడిలో ముందుకు జారుతుంది. 9 పళ్ల డ్రైవర్ (హబ్‌లోనే అమర్చిన వెనక పళ్ల చక్రం) ఉన్న క్యాసెట్ హబ్‌లు ఎక్కువగా 14 మి.మీ. యాక్సిల్‌తో వస్తాయి కనుక కథ మళ్లీ ఆకురాయి దగ్గరికే చేరుతుంది.

నడిమి దారి 39/14. నిష్పత్తి 2.79, చైన్‌వీలు కింద పది మి.మీ. చోటు పెరుగుతుంది, చైన్ మీద భారం పెద్దగా మారదు. 14 పళ్ల ఫ్రీవీలుకు 30 మి.మీ. మర కావాలి. మామూలు 16 పళ్ల ఫ్రీవీలు మర 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. రెండు పక్కలా రెండు కొలతల మర ఉన్న ఫ్లిప్‌ఫ్లాప్ హబ్ తీసుకుంటే చక్రం తిప్పేసి 16 పళ్లకు తిరిగి రావచ్చు. 44/16 నుంచి 39/14కు మారేటప్పుడు చైన్‌లో నాలుగు పిచ్‌లు, అంటే రెండు జతల లింకులు తీయాలి. చక్రం గాడిలో రెండు మూడు మి.మీ. ముందుకు వస్తుంది. ఆ చోటు ఉందో లేదో ముందే చూసుకుంటే హాఫ్ లింక్ (చైన్ పొడవును ఒక్క పిచ్ మాత్రమే మార్చే లింకు) కోసం వెతుకులాట తప్పుతుంది. తీసిన లింకులు పారేయకండి.

వన్‌పీస్ క్రాంకా, త్రీపీస్ క్రాంకా?

మన పాత రోడ్‌స్టర్ సైకిళ్లకు కాటర్ పిన్నుతో బిగించే క్రాంకులు, అంటే పెడళ్లు తగిలించే చేతులు, తెలిసినవే. అమెరికా బీఎంఎక్స్‌లో చాలావాటికి రెండు చేతులూ, నడుమ ఇరుసూ కలిపి ఒకే కడ్డీని వంచి చేసిన వన్‌పీస్ క్రాంకు ఉండేది. దూకినప్పుడు అది వంగుతుంది. పెడలు పళ్లెం ఒరిగినట్టు కనిపిస్తే వంగిందని గుర్తు. దాన్ని వేడిచేసి సరిచేయడం వృథా, మళ్లీ అక్కడే వంగుతుంది.

1980ల మొదట్లో రెడ్‌లైన్ ఫ్లైట్, ఫ్లారిడాకు చెందిన ప్రొఫైల్ రేసింగ్ వాళ్ల గొట్టపు త్రీపీస్ క్రాంకులు, అంటే రెండు చేతులూ ఇరుసూ విడివిడిగా ఉండేవి, పోటీదారులకు ప్రాణమైపోయాయి. ఈ మార్పు నిస్సంకోచంగా మేలు. ఎందుకంటే ఫ్రేములో 51.3 మి.మీ. అమెరికన్ బాటమ్ బ్రాకెట్ షెల్ (క్రాంకు ఇరుసు కూర్చునే గొట్టం) అలాగే ఉంటుంది. అందులో కప్పులు మార్చి, 19 మి.మీ. ఇరుసుకు తగిన అమెరికన్ బేరింగ్ కిట్టు కూర్చోబెడితే చాలు. కావాలంటే మళ్లీ పాతది వేసుకోవచ్చు.

విప్పే క్రమంలోనే చాలామంది పాడుచేస్తారు. ముందు ఎడమ పెడలు తీయాలి. దాని మర ఎడమ చుట్టు, కాబట్టి గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతుంది. తర్వాత ఎడమ పక్క లాక్‌నట్టు. అదీ ఎడమ మరే, అదే వైపు తిప్పాలి. దాని వెనక నాలుక వాషరు, తర్వాత గాడులున్న కోను, దాన్నీ అదే దిశలో. బాల్ కేజ్ బయటికి వచ్చాక క్రాంకును వంచుతూ చైన్‌వీలు వైపు నుంచి లాగేయాలి. మామూలు మర అనుకుని అపసవ్య దిశలో పైపు తగిలించి గుంజితే ఇంకా బిగుసుకుంటుంది, చివరికి మర తెగుతుంది.

ఒక ఖర్చు మాత్రం ముందే లెక్క వేసుకోండి. వన్‌పీస్ పెడళ్ల మర 1/2 అంగుళం, త్రీపీస్‌ది 9/16. పాత పెడళ్లు కొత్త క్రాంకుకు పట్టవు.

టఫ్ వీలా, స్పోకుల చక్రమా?

కాలిఫోర్నియాలోని రెడ్డింగ్‌లో స్కైవే చేసిన టఫ్ వీల్ ఐదు ఊచల నైలాన్ చక్రం. చూడగానే 1980లు గుర్తుకు రావాలంటే దీన్ని మించింది లేదు. ఔటు తీసే పని ఉండదు, స్పోకులు తెగవు. కానీ అదే దాని లోపమూ. ఒకసారి వంకర పడితే సరిచేయడానికి తిప్పే నిపుల్ లేదు. బరువు ఎక్కువ. మామూలు రబ్బరు బ్రేకు దిమ్మలు దీని మీద జారతాయి, నైలాన్ చక్రాల కోసం చేసినవే వాడాలి. పొడవైన పల్లంలో బ్రేకు పట్టుకుని దిగితే అంచు వేడెక్కి మెత్తబడుతుంది. రోహిణి కార్తె ఎండలో మూసిన కారులో పెట్టి మరిచిపోవడమూ మంచిది కాదు.

అల్యూమినియం రిమ్ముతో 36 స్పోకుల చక్రం తేలిక, బ్రేకు బాగా పడుతుంది. ఆనాటి అరాయా 7ఎక్స్ రిమ్ములకు అందుకే ఇప్పటికీ గిరాకీ. 48 స్పోకుల ఫ్యాషన్ కొన్నాళ్లు నడిచింది. బరువు తప్ప మామూలు వాడకానికి దానివల్ల ఒరిగేదేమీ లేదు, పైగా 48 రంధ్రాల రిమ్ములు ఇప్పుడు వెతికి పట్టుకోవాలి. ఇనుప క్రోమ్ రిమ్ము అయితే వాన నీళ్లు పడగానే బ్రేకు ఉన్నా లేనట్టే.

తొక్కడానికి స్పోకుల చక్రాలు, చూపించడానికి టఫ్ వీల్స్. రెండు జతలూ ఉంటే మార్చడానికి పది నిమిషాలు. స్కైవే ఇప్పటికీ కొత్త టఫ్ వీల్స్ అమ్ముతోంది కాబట్టి నలభై ఏళ్ల నాటి అసలు జతను గోతుల్లో తొక్కి పగలగొట్టడం ఎందుకు? తెల్ల నైలాన్‌ను వేడి నీళ్లలో రంగు వేసి నీలమో ఎరుపో చేయడం ఇప్పుడో సరదా. నైలాన్ రంగు బాగానే పీలుస్తుంది, కానీ వదలదు. మరిగే నీళ్లలో ముంచితే చక్రం వంగిపోవచ్చు కూడా. ఇదీ తిరిగి రాని మార్పుల జాబితాలోదే.

టైరు కొనేటప్పుడు కొలత పక్కనున్న మూడంకెల సంఖ్య చూడండి. 20×1.75కి 406, సన్నని 20×1-3/8కి 451. రెండిటి మీదా 20 అనే ఉన్నా ఒకదాని రిమ్ము మీద ఇంకోటి ఎక్కదు.

బ్రేకులు: పొడవు తీగా, రోటరా, అసలే వద్దా?

హ్యాండిల్ గిర్రున తిప్పే విన్యాసాలకు వెనక బ్రేకు తీగ అడ్డం. మొదట్లో పొడవు తీగ పెట్టి రెండు మూడు చుట్లు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి విప్పుకునేవాళ్లు. 1980ల నడుమ బ్రయన్ స్కూరా రూపొందించిన రోటర్ ఆ తిప్పలు తీర్చింది. హెడ్‌సెట్ (ఫోర్కు తిరిగే బేరింగుల జత) దగ్గర బేరింగు ఉన్న రెండు పళ్లేలు, పైదానికి లీవర్ నుంచి రెండు తీగలు, కింద నుంచి బ్రేకుకు రెండు. పళ్లేలు లేస్తాయి, దిగుతాయి, హ్యాండిల్ మాత్రం ఎంత తిరిగినా తీగ మెలి పడదు.

సర్దుబాటులో ఒకటే సూత్రం: పళ్లెం సమాంతరంగా లేవాలి. పై తీగలు రెండూ ముందు సమం చేసి, పళ్లెం ఒరగకుండా లేస్తోందని చూశాకే కింది తీగల సంగతి చూడాలి. ఒకటి పొడవైతే హ్యాండిల్ తిప్పినప్పుడల్లా పళ్లెం టకటకలాడుతుంది, బ్రేకు సగమే పడుతుంది. 1985కు ముందు ఫ్రేముల్లో కింది తీగలు బిగించే చెవులు సాధారణంగా ఉండవు. వాటిని వెల్డింగ్ చేయించకండి, హెడ్‌సెట్ కప్పు కింద ఇరికించే రేకు బిళ్ల వెతకండి. ఇప్పటి రోటర్లలో ఎక్కువ 1-1/8 అంగుళాల స్టీరర్‌కు (ఫోర్కు పై గొట్టానికి) తగినవి, మీకు 1 అంగుళానిది కావాలి.

ముందు బ్రేకు తీగను స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కుకు పట్టి ఉంచే భాగం) బోల్టు నడుమ నుంచి, ఫోర్కు గొట్టంలోంచి కిందికి దించడాన్ని పాట్స్ మాడ్ అంటారు. ఉపాయం బంగారం. కానీ 8 మి.మీ. బోల్టుకు మర పోగా మిగిలే ఇనుము మందం దాదాపు 6.6. అందులో 5 మి.మీ. రంధ్రం వేస్తే చుట్టూ మిగిలేది ఒక మి.మీ. కూడా కాదు. అది తెగితే హ్యాండిల్ చేతిలో ఉంటుంది, చక్రం తన దారిన పోతుంది. రంధ్రంతోనే తయారైన మందమైన బోల్టు, దానికి తగిన స్టెమ్ దొరికితేనే చేయండి.

పాత ఫ్రేముకు 990 రకం యూ బ్రేకు (ఫ్రేము గొట్టాలకు అతికిన దిమ్మల మీద బిగించే బ్రేకు) కోసం దిమ్మలు వెల్డింగ్ చేయించడం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. క్రోమ్ కాలిపోతుంది, సన్నని గొట్టం వేడికి దెబ్బతింటుంది. మంచి సైడ్‌పుల్ కాలిపర్, కొత్త తీగ, కొత్త దిమ్మలు చాలు. బ్రేకు లేకుండా తిరగడం ఇప్పటి స్ట్రీట్ కుర్రాళ్ల పోకడ. కావాలంటే విప్పి డబ్బాలో పెట్టండి, బ్రేకు బిగించే అడ్డగొట్టం, అంటే బ్రేకు బ్రిడ్జి, మాత్రం కోయకండి.

హ్యాండిల్, స్టెమ్

ఆనాటి ఫ్రేములు పొట్టివి. పెద్దవాళ్లు తొక్కితే మోకాళ్లు హ్యాండిల్‌కు తగులుతాయి. తొమ్మిది అంగుళాల ఎత్తు, 29 అంగుళాల వెడల్పు ఉన్న హ్యాండిల్ వేసుకుంటే హాయిగా ఉంటుంది, క్లాంపు కొలత అప్పుడూ ఇప్పుడూ 22.2 మి.మీ.యే. స్టెమ్‌తో మాత్రం జాగ్రత్త. పాత బీఎంఎక్స్ ఫోర్కులో దిగే స్టెమ్ కాడ 21.1 మి.మీ. రోడ్డు సైకిలుది 22.2. సుత్తితో దించితే ఫోర్కు గొట్టం ఉబ్బుతుంది.

క్రోమ్: కొత్త పూతా, శుభ్రం చేయడమా?

పౌడర్ కోటింగు వేయించాలంటే కింది పూతనూ, అసలు స్టిక్కర్లనూ గీకేయాలి. సేకరించేవాళ్ల దగ్గర ఆ సైకిలు విలువ అక్కడితో పడిపోతుంది. వంటింటి అల్యూమినియం రేకు ఉండ చేసి, నీళ్లలో తడిపి రుద్దితే క్రోమ్ మీది తుప్పు మచ్చలు చాలామటుకు పోతాయి. మొండి తుప్పుకు లీటరు నీటికి 50 గ్రాముల ఆక్సాలిక్ యాసిడ్ కలిపి, చేతులకు తొడుగులు వేసుకుని, ఇనుప భాగాలను కొన్ని గంటలు నానబెట్టండి. తర్వాత వంటసోడా నీళ్లలో కడిగి, వెంటనే ఆరబెట్టి, గొట్టాల లోపల పలచగా నూనె పోయండి. రంగు అనోడైజింగ్ ఉన్న అల్యూమినియం రిమ్ములూ సీటుపోస్టులూ ఆ తొట్టిలోకి రాకూడదు, రంగు దిగిపోతుంది. శుభ్రమయ్యాక హెడ్ ట్యూబు (ఫ్రేము ముందరి గొట్టం) వెనక గసెట్, అంటే బలానికి అతికిన రేకు, చుట్టూ, డ్రాపౌట్ల అతుకుల దగ్గర, బాటమ్ బ్రాకెట్ కింద టార్చి వేసి చూడండి. వెంట్రుకంత గీత కనిపించినా ఆ ఫ్రేమును గోడకు తగిలించి, తొక్కడానికి ఎస్ఈ లాంటి కంపెనీలు పాత నమూనాలో ఇప్పుడు చేస్తున్న కొత్త సైకిలు ఒకటి కొనుక్కోండి.