బీరు కిట్‌లో అన్నీ బాగున్నాయి, ఆ కుళాయి తప్ప

ఇంట్లో బీరు కాయడం మొదలుపెట్టేవాళ్లకి అమ్మే అయిదు గ్యాలన్ల కిట్‌ల గురించి ఇప్పటికే బోలెడు రాశారు కాబట్టి మాల్ట్, హాప్స్, ఎయిర్‌లాక్ జోలికి పోను. టెక్సస్‌లో ఇలాంటి కిట్ కొన్నేళ్లుగా వాడుతున్నాక చెప్పాలనిపించింది ఒక్కదాని గురించే: బాట్లింగ్ బకెట్ (పులిసిన బీరుకి గ్యాస్ కోసం పంచదార కలిపి సీసాల్లోకి దింపే బకెట్) అడుగున ఉండే ప్లాస్టిక్ కుళాయి. తొలి బ్యాచ్‌కి దానంత సుఖమైన వస్తువు లేదు. కొన్ని బ్యాచ్‌లు గడిచాక మంచి బీరుని పాడు చేసేదీ అదే.

ముందు సుఖం సంగతి. కుళాయికి చిన్న ట్యూబు, దాని చివర స్ప్రింగు ఫిల్లర్ తగిలిస్తే చాలు. ఫిల్లర్ చివరని సీసా అడుగుకి ఆనిస్తే బీరు దిగుతుంది, ఎత్తగానే ఆగుతుంది. అంచుదాకా నింపి ఫిల్లర్ బయటికి తీస్తే మెడలో కావలసినంత ఖాళీ దానంతటదే మిగులుతుంది. కింద నుంచి నిండుతుంది కనక గాలి పెద్దగా కలవదు. 355 మి.లీ. సీసాలు యాభై దాకా ఒక్కరే కూర్చుని నింపేయొచ్చు.

ఇక అసలు గొడవ. ఆ కుళాయి ఒకే ముక్కలా కనిపిస్తుంది కానీ రెండు ముక్కలు: బయట తొడుగు, లోపల తిరిగే బ్యారెల్. తిప్పినప్పుడల్లా ఆ రెంటి మధ్య సందులోకి పంచదార కలిసిన బీరు చేరి ఎండిపోతుంది. శానిటైజర్ ఎంత వదిలినా గొట్టంలోంచి పోతుందే తప్ప సందులోకి సరిగా వెళ్లదు. వెళ్లినా లాభం లేదు, ఎండిన పొర కింద ఉన్న క్రిముల్ని అది చంపలేదు. శుభ్రంగా కడిగిన చోటే శానిటైజర్ పని చేస్తుంది.

పేల్ ఏల్ (లేత రంగు బీరు) బ్యాచ్ ఒకటి ఇలాగే పోయింది. బీరు సాంద్రతని (గ్రావిటీని) కొలిచే హైడ్రోమీటర్‌తో మూడు రోజుల తేడాతో తీసిన రెండు రీడింగులూ 1.012 వచ్చాకే, అంటే పులియడం ఆగాకే, సీసాల్లోకి దింపింది అది. మూడో వారంలో తెరిస్తే రుచి శుభ్రంగా ఉంది, నురగ సరిపడా ఉంది. రెండు నెలలయ్యేసరికి మూత తీయగానే సగం సీసా పొంగి బయటికొచ్చింది. మెడలో బీరు మట్టం దగ్గర తెల్లటి వలయం, వాసనలో లవంగం ఘాటు. గ్యాస్ పోయేదాకా గ్లాసులోంచి గ్లాసులోకి తిరగబోసి హైడ్రోమీటర్ వేస్తే 1.005. మామూలు ఈస్ట్ తినకుండా వదిలేసే డెక్స్‌ట్రిన్లనే చక్కెరల్ని కూడా ఇంకేదో తినేసిందన్నమాట.

పొంగిన ప్రతి సీసాకీ పంచదారే కారణం అనుకోవద్దు. 19 లీటర్లకి 110 గ్రాముల పంచదార 400 మి.లీ. నీళ్లలో మరిగించి, చల్లార్చి, బకెట్‌లో ముందు అది పోసి దానిమీదకి బీరు దించితే గ్యాస్ సరిగ్గా సరిపోతుంది. పంచదార ఎక్కువైతే మూడో వారానికే పొంగుతుంది, ఆ తర్వాత పెరగదు. సరిగా కలవకపోతే కొన్ని పొంగుతాయి, కొన్ని చప్పగా ఉంటాయి. వారాలు గడిచేకొద్దీ గ్యాస్ పెరుగుతూ, గ్రావిటీ పడుతూ ఉంటే మాత్రం క్రిముల పనే అనుకోవాలి. పులియడం మధ్యలో ఆగిపోయినా ఇలాగే అవుతుంది గానీ రీడింగులు కదలకుండా ఉన్నాక ఆ అనుమానం చాలా తగ్గుతుంది.

కుళాయే దోషి అని తేల్చుకోవడానికి తేలిక దారి ఒకటుంది. రెండు సీసాల్లో రెండేసి గ్రాముల పంచదార వేసి, పులిసిన పాత్రలోంచి సైఫన్ గొట్టంతోనే నేరుగా, బకెట్ లేకుండా నింపి గుర్తు పెట్టండి. అవి బాగుండి మిగతావి పొంగితే బీరుది తప్పు కాదు, బకెట్ దారిలోనే ఉంది, ముందు కుళాయినే అనుమానించండి.

ఆ పేల్ ఏల్ తర్వాత బ్యారెల్ ఊడదీస్తే దాని చుట్టూ గోధుమరంగు రింగు, వేలితో రాస్తే జారే జిగట, పుల్లటి వాసన. కిట్‌తో వచ్చిన కాగితంలో శానిటైజర్ పోసి కుళాయి తెరవమని తప్ప, దీన్ని ఊడదీయవచ్చని ఒక్క ముక్క లేదు. అమ్మిన కంపెనీ మీద నా కోపమంతా అక్కడే.

ఊడదీయడం కష్టం కాదు. 60 డిగ్రీల వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, వెనక వైపు నుంచి చెక్క గరిటె కాడతో నొక్కితే బ్యారెల్ టప్పున బయటికొస్తుంది. పీబీడబ్ల్యూ లాంటి క్షార పౌడరు కలిపిన వేడినీళ్లలో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో తోమండి. పీచు వాడితే గీతలు పడతాయి, వాటిల్లోనూ క్రిములు దాక్కుంటాయి. కడిగాక లీటరుకి 1.6 మి.లీ. స్టార్ శాన్ అనే శానిటైజర్ కలిపిన నీళ్లలో ముంచి, తడిగానే బిగించాలి. కుళాయిని బకెట్‌కి పట్టే నట్టు చేత్తో బిగిస్తే చాలు. స్పానర్ వేస్తే వాషర్ నలిగి కారుతుంది. బీరు పోసే ముందు కారుతుందేమో ఆ స్టార్ శాన్ నీళ్లతోనే ఒకసారి చూసుకోండి.

బ్యాచ్ అప్పటికే పొంగుతుంటే అన్ని సీసాలూ వెంటనే ఫ్రిజ్‌లోకి చేర్చండి. గట్టిగా చల్లబడేదాకా మూత జోలికి పోవద్దు, చేతికి తువ్వాలు చుట్టుకోండి. ఇక్కడి ఎండాకాలంలో గరాజ్‌లో పెట్టిన సీసాలు పగలడానికి ఎంతోసేపు పట్టదు.

ఒక్కరే నింపేయొచ్చన్నాను కదా, అది చివరి లీటరు వరకే. కుళాయి అడుగుకి కాస్త ఎత్తులో ఉంటుంది కాబట్టి ఆఖర్న బకెట్ వంచాలి. అప్పుడు ఇంకో చెయ్యి ఉంటేనే కింది మడ్డి కదలదు.

కొనాలా వద్దా అంటే మీరు తాగే తీరుని బట్టి. ఏసీ గదిలో ఉంచి నాలుగైదు వారాల్లో ఖాళీ చేసే ఐపీఏ రకం బీరు అయితే ఈ బాధ మీ కంట పడకపోవచ్చు. నెలల తరబడి దాచే స్టౌట్ అనే నల్ల బీరు అయితే బకెట్‌ని పక్కన పెట్టి సైఫన్‌కే ఫిల్లర్ తగిలించండి, పంచదార సీసా సీసాకీ కొలవండి. ఓపిక కావాలి, యాభై సీసాలకి అది చిన్న పని కాదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇది చదువుతున్నవాళ్లు మాత్రం కిట్ తెప్పించుకోవద్దు, అక్కడ ఎక్సైజు లైసెన్సు లేకుండా కాయడం నేరం. అమెరికాలో అయితే 1978 నాటి చట్టం ప్రకారం ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గ్యాలన్ల వరకు సొంతానికి కాచుకోవచ్చు, రాష్ట్రం నియమాలు విడిగా చూసుకోవాలి. ఆ లెక్కలో సగం కాచేవాళ్లు కూడా కుళాయిని ప్రతి బ్యాచ్‌కీ ఊడదీసి కడగాలి, ఏడాదికోసారి మార్చేయాలి. కొత్తది కొనేటప్పుడు బ్యారెల్ విడిగా వచ్చే రకమేనా అని అడిగి తీసుకోండి.