కథల గేమ్ కోర్సుకు డబ్బు కట్టేముందు ఒక్క రోజు ఆగండి: హనుమకొండ నుంచి నా అనుభవం

రొమాన్స్ నవలలు చదివి చదివి, మనమూ ఒక కథను గేమ్‌గా చేద్దాం అనుకునేవాళ్ళ కోసం ఈ పోస్టు. "తెలుగులో ఇంటరాక్టివ్ కథల గేమ్ తయారీ, 45 రోజుల కోర్సు, జీవితకాల సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌తో సహా" లాంటి ప్రకటన మీకూ కనిపించే ఉంటుంది. నేను దానికి డబ్బు కట్టాను. మొత్తం 10,999 రూపాయలు పోయాయి. అంతకన్నా బాధేమిటంటే, 86 పాసేజీలు రాసుకున్న కథలో చేతికి మిగిలింది 31. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. ఇలాంటి దుకాణం అదొక్కటే అని కూడా నేననుకోవడం లేదు.

నేను ఆరేళ్ళుగా నవలల మీద సమీక్షలు రాస్తున్నాను. హీరో మొదటి అధ్యాయంలోనే చెయ్యి పట్టి లాగితే అది ప్రేమ కాదు దబాయింపు అని రాసేదాన్ని. అహంకారి ధనవంతుడు, ఆత్మాభిమానం గల పేదింటి పిల్ల కనిపించారంటే మూడో పేజీలోనే ముగింపు చెప్పేసేదాన్ని. ఈ ప్రకటన ముగింపు మాత్రం నాకు కనిపించలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు అని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతోంది.

నా మనసులో ఒక కథ ఉండేది. మేడారం జాతర రోజులు, కాజీపేట జంక్షన్, అర్ధరాత్రి, బండి రెండు గంటలు ఆలస్యం. పెళ్ళిచూపులు ఎగ్గొట్టి బయల్దేరిన అమ్మాయి. గుంపులో తప్పిపోయిన అమ్మమ్మను వెతుక్కుంటున్న అబ్బాయి. అతను వచ్చి "మా అమ్మమ్మను చూసిండ్రా?" అని అడిగితే ఆ అమ్మాయి లేచి వెంట వెళ్తుందా, పుస్తకంలోంచి తల ఎత్తకుండా లేదంటుందా? అది చదివేవాళ్ళే తేల్చాలి. వాళ్ళు నొక్కిన మాటను బట్టి కథ మలుపు తిరగాలి. నవలలో అయితే ఏదో ఒక దారే రాయగలం. ఇలాంటి కథలో ఒక్కో తెర మీద కనిపించే ముక్కను పాసేజ్ అంటారు, పాసేజీల మధ్య దారులు వేసుకుంటూ పోవడమే పని. కోడింగ్ రాని నాలాంటి వాళ్ళూ చేయగలిగిన పనే, ఆ సంగతి తర్వాత తెలిసింది.

ప్రకటనలో అసలు ధర 14,999 కొట్టేసి 6,999 అని రాశారు. పక్కన టైమర్. రెండు గంటల్లో ఆఫర్ అయిపోతుందట. రాత్రి పదకొండింటికి ఫోన్‌పేలో కట్టేశాను. మర్నాడు పొద్దున మా స్నేహితురాలికి చూపిద్దామని అదే పేజీ తెరిస్తే టైమర్ మళ్ళీ రెండు గంటల దగ్గరే ఉంది. అప్పుడే అనుమానం రావాలి. రాలేదు, ఆఫర్ పొడిగించారేమో అనుకున్నాను.

ఇలా లేని తొందర పుట్టించి కొనిపించడం మన దేశంలో నిషేధం. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇలాంటి 13 రకాల మాయలను పేరుపేరునా రాశారు, దొంగ టైమర్ అందులో ఒకటి. ముందు తక్కువ ధర చూపించి తర్వాత విడతలవారీగా పిండడం ఇంకొకటి. అదీ జరిగింది నాకు. రెండో వారంలో "గేమ్ హోస్టింగ్" (అంటే గేమ్‌ను నెట్‌లో ఉంచడం) అని 1,500, నాలుగో వారంలో "మీ గేమ్‌కు ఐఎస్‌బీఎన్ నంబర్" అని 2,500. ఈ రెండోది తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది. పుస్తకాల మధ్య బతికేదాన్ని, ఐఎస్‌బీఎన్ అంటే ఏమిటో నాకు తెలియదా? మన దేశంలో అది రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. పైగా అది పుస్తకాలకు ఇచ్చే నంబర్, గేములకు కాదు. "మేడమ్, నంబర్ ఉంటే మీరు రచయిత్రి అని రుజువు" అన్నారు ఫోన్‌లో. ఆ రచయిత్రి అనే మాటకు పడిపోయాను, ఇంకేం లేదు.

ఇక పాఠాలు. వారానికి మూడు లైవ్ క్లాసులు అన్నారు. వచ్చింది మొత్తం 12 వీడియోలు, అన్నీ ముందే రికార్డు చేసినవి. వాటిలో సగం బటన్లు ఎక్కడున్నాయో చూపించడానికే సరిపోయింది. అసలు నేర్పాల్సింది వేరే ఉంది. కథలో ప్రతి చోటా రెండు దారులు పెట్టి, ఏ దారినీ మళ్ళీ కలపకుండా పోతే, అయిదో ఎంపిక దగ్గరికి వచ్చేసరికి 32 ముగింపులు రాయాలి. పది ఎంపికలైతే వెయ్యి దాటుతాయి. ఎవరి వల్లా కాదు. అందుకే తెలిసినవాళ్ళు దారులను చీల్చి, కొంత దూరం పోయాక మళ్ళీ ఒకచోట కలుపుతారు. మధ్యలో ఏం జరిగిందో మాత్రం గుర్తు పెట్టుకుంటారు. ఉదాహరణకు నా కథలో "నమ్మకం" అని ఒక లెక్క పెట్టుకోవచ్చు. ఆమె అమ్మమ్మను వెతకడానికి వెంట వెళ్తే నమ్మకం రెండు పెరుగుతుంది, అబద్ధం చెబితే ఒకటి తగ్గుతుంది. చివర్లో వరంగల్ స్టేషన్ దాటాక అతను ఫోన్ నంబర్ అడిగినప్పుడు ఆ లెక్కను బట్టి జవాబు మారుతుంది. ప్రేమకథకు ఇంతకన్నా పనికొచ్చే పనిముట్టు ఉంటుందా! ఆ 12 వీడియోల్లో దీని గురించి ఒక్క ముక్క లేదు. అడిగితే "అది అడ్వాన్స్‌డ్ బ్యాచ్ మేడమ్" అన్నారు.

ప్రీమియం ఎఫెక్ట్ అని ఒకటి ఇచ్చారు, టైపు చేస్తున్నట్టు అక్షరాలు ఒక్కొక్కటే తెర మీదికి వస్తాయి. ఇంగ్లిషుకు బాగానే ఉంటుంది. తెలుగులో "స్త్రీ" అన్న మాట రావాలంటే ముందు స, తర్వాత స్, తర్వాత స్త, ఆ తర్వాత స్త్, ఇలా పురిటినొప్పులు పడి బయటికి వచ్చేది. వత్తులను విడగొట్టకుండా చూసుకోవాలన్న సోయి దాన్ని తయారుచేసిన వాళ్ళకు లేదు. తెలుగు కోసమే చేసిన సాఫ్ట్‌వేర్ అని అమ్మింది వీళ్ళే.

ప్యాకేజీలో "పది రెడీమేడ్ రొమాన్స్ కథలు" కూడా ఉన్నాయి. వాటిని కొద్దిగా మార్చి గేములు చేసుకోవచ్చట. మొదటిది చదువుతుంటే ఎక్కడో చదివినట్టు అనిపించింది. నాలుగో పేజీలో వాన కురుస్తున్న వరండా వర్ణన దగ్గర దొరికిపోయింది. నేను రెండేళ్ళ కింద సమీక్ష రాసిన ఒక పాత నవలలోని పేరా, మక్కీకి మక్కీ. పాత్రల పేర్లు, ఊరి పేరు మార్చారంతే. ధనవంతుడైన హీరో, మెట్టు దిగని నాయిక అన్న ఇతివృత్తం ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా రాసుకోవచ్చు. కానీ ఒకరు రాసిన వాక్యాలను ఎత్తి రాస్తే అది చట్టం ముందు దొంగతనమే. రచయిత పోయాక కూడా 60 ఏళ్ళ వరకు హక్కు ఉంటుంది. మీరు ఆ కథతో గేమ్ చేసి మీ పేరుతో పెడితే, అసలు హక్కుదారులు వచ్చి అడిగేది మిమ్మల్నే.

ఇప్పుడు అసలు దెబ్బ సంగతి. మన కథ "క్లౌడ్‌లో భద్రం" అని చెప్పారు కాబట్టి ధైర్యంగా రాస్తూ పోయాను. ఒకరోజు మా తమ్ముడు, మా చిన్నమ్మ కొడుకు, ల్యాప్‌టాప్ నిదానంగా నడుస్తోందని బ్రౌజర్‌లో పేరుకున్న చెత్తంతా తుడిచేశాడు. సాయంత్రం తెరిస్తే నా కథ లేదు. ఖాళీ పేజీ. వాళ్ళకు ఫోన్ చేస్తే "బ్యాకప్ మీ బాధ్యత మేడమ్" అన్నారు. క్లౌడ్ లేదు, పాడు లేదు. కథ మొత్తం నా బ్రౌజర్‌లోనే దాగి ఉందన్నమాట. మరి బ్యాకప్ ఎలా తీసుకోవాలి? ఫైల్ డౌన్‌లోడ్ చేసుకునే బటన్‌కు తాళం వేసి ఉంచారు. అది కావాలంటే ఇంకో ప్లాన్ కొనాలి.

అదృష్టం కొద్దీ రెండో వారం డెమో కోసం ఒకసారి అందరికీ ఫైల్ ఇచ్చారు. అప్పటికి రాసిన 31 పాసేజీలు అందులో ఉన్నాయి. మా తమ్ముడు తప్పు చేసినవాడిలా కూర్చుని ఆ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాడు. కాసేపటికి తల ఎత్తి, "అక్కా, ఇది ట్వైన్. ఫ్రీగ వస్తది. నీకెవరు అమ్మిండ్రు?" అన్నాడు.

"అమ్మలేదురా, లైసెన్స్ ఇచ్చిండ్రు."

"లైసెన్సా?" అని నవ్వబోయి నా ముఖం చూసి ఆపుకున్నాడు.

ఫైల్ లోపల తయారీ సాధనం అన్నచోట ట్వైన్ అనే పేరు అలాగే ఉంది. పైన తమ పేరు, తమ బొమ్మ అతికించారు కానీ లోపల చెరపడం మరిచారు. ట్వైన్ అంటే ఇలాంటి కథల గేములు చేసుకునే సాఫ్ట్‌వేర్, దాన్ని క్రిస్ క్లిమాస్ అనే అమెరికన్ 2009లో విడుదల చేశాడు. అప్పటినుంచీ ఉచితమే. బ్రౌజర్‌లోనే వాడుకోవచ్చు, కంప్యూటర్‌లో వేసుకోవచ్చు, కథ అంతా బ్రౌజర్‌లో తెరుచుకునే ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైల్‌గా బయటికి తీసుకోవచ్చు. ఆ ఫైల్‌ను ఇచ్ డాట్ ఐఓ లాంటి గేముల సైట్‌లో పైసా కట్టకుండా పెట్టుకోవచ్చు, కాబట్టి నేను కట్టిన హోస్టింగ్ డబ్బు కూడా దండగే. ట్వైన్ నచ్చకపోతే ఇంక్ అనే ఇంకో సాధనం ఉంది, బొమ్మలతో ప్రేమకథలు చేసేవాళ్ళకు రెన్‌పై ఉంది. రెండూ ఉచితమే.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఉచిత సాఫ్ట్‌వేర్‌ను నేర్పి ఫీజు తీసుకోవడం తప్పు కాదు. కూర్చోబెట్టి ఓపికగా తెలుగులో నేర్పేవాళ్ళుంటే నేనే మళ్ళీ కడతాను. ట్వైన్ లైసెన్స్ ప్రకారం దాన్ని అమ్ముకోవడానికి కూడా అడ్డు లేదు. కానీ ఆ లైసెన్సులోని స్వేచ్ఛ కొన్నవాడికీ అందాలి, మూల కోడ్ (సాఫ్ట్‌వేర్ లోపలి అసలు రాత) అందాలి. మా సొంత సాఫ్ట్‌వేర్ అని చెప్పడం, రాసినవాళ్ళ ఫైల్‌కే తాళం వేయడం, అది వ్యాపారం కాదు.

నిబంధనల పేజీ అప్పుడు మొత్తం చదివాను. పద్దెనిమిదో అంశంలో "విద్యార్థులు తయారుచేసిన కథలు, పాత్రలపై సర్వహక్కులు సంస్థవి" అని ఉంది. చేరేటప్పుడు దాని పక్కన టిక్ పెట్టాను. మన కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవారే మొదటి హక్కుదారు, ఆ హక్కును ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా సంతకం చేసి ఇవ్వాలి. టిక్ సంతకం అవుతుందా అన్నది వకీళ్ళు వాదించుకునే విషయం. ఆ వాదన దాకా రాకుండానే మీరు ఆ పేజీ చదవండి, చాలు.

మరి వాళ్ళ పేజీ నిండా ఉన్న అయిదు చుక్కల సమీక్షలు చూసే కదా నమ్మాను? అవి మళ్ళీ తీరిగ్గా చదివాను, ఈసారి సమీక్షకురాలిలా. ఏడుగురు "అద్భుతం" అన్న మాటను "అద్బుతం" అని రాశారు. ఏడుగురూ రెండు రోజుల తేడాలో రాశారు. ఒకే చెయ్యి. తర్వాతి వారం నాకే ఫోన్ వచ్చింది. వాళ్ళు తెస్తున్న రెండు నవలలకు మంచి సమీక్షలు రాస్తే 3,000 వెనక్కి ఇస్తారట. పుస్తకాలు పంపండి అంటే "సారాంశం పంపిస్తాం, చదవనక్కర్లేదు" అన్నారు. ఆరేళ్ళలో నేను చాలా చెత్త నవలలు చదివాను, ఒక్కదాన్నీ చదవకుండా మెచ్చుకోలేదు. డబ్బు తీసుకుని రాసినప్పుడు ఆ సంగతి చదివేవాళ్ళకు చెప్పాలన్నది కూడా ఇప్పుడు నియమమే. ఆ ఫోన్ పెట్టేశాకే ఫిర్యాదు చేయాలని గట్టిగా అనుకున్నాను.

ముందు 1915కు ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రకటన స్క్రీన్‌షాట్లు, మూడు చెల్లింపుల రసీదులు, వాట్సాప్ మాటలు అన్నీ జతచేశాను. తొమ్మిది రోజులకు సంస్థ నుంచి జవాబు: 2,000 ఇస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి. తీసుకోలేదు. ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాను. అమ్మినవాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, కొన్నది అయిదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ళలోపు వేయాలి. నా బ్యాచ్‌లో వరంగల్, కరీంనగర్, మంచిర్యాల నుంచి కూడా అమ్మాయిలు ఉండేవారు. గ్రూపులోంచి నన్ను తీసేశారు కాబట్టి మీ నంబర్లు నా దగ్గర లేవు. ఇది చూస్తే చాట్‌లు డిలీట్ చేయకండి, ముందు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. మీ కథ ఇంకా బ్రౌజర్‌లో ఉంటే ఎవ్వరినీ ఆ ల్యాప్‌టాప్ ముట్టుకోనివ్వకండి, ఒక్కో పాసేజీలోని రాతను కాపీ చేసి వేరేచోట దాచుకోండి. విసుగు పనే, కానీ మళ్ళీ రాయడం కన్నా నయం.

ఎవరైనా కొత్తగా చేరబోతుంటే ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "నా కథ ఫైల్ మొదటి రోజు నుంచే నా కంప్యూటర్‌లోకి దించుకోవచ్చా?" నీళ్ళు నమిలితే లేచి వచ్చేయండి.

నేను 31 దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. ఇప్పటికి 52 అయ్యాయి, రోజూ పడుకునే ముందు పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ. అమ్మమ్మ ఇంకా దొరకలేదు.

నిన్న రాత్రి అదే ప్రకటన మళ్ళీ కనిపించింది. సంస్థ పేరు మారింది, రంగు మారింది. టైమర్‌లో ఇంకా 1 గంట 58 నిమిషాలు.