మూడున్నరేళ్లు వాడాక: సీలర్ మంచిదే, లోపలి పట్టీతోనే నా పేచీ

ఈ వెసెల్ సీలర్‌తో (రక్తనాళాన్ని నొక్కిపట్టి, కరెంటు వేడితో అతికించి మూసే పరికరం) ఆపరేషన్ చేసేది నేను కాదు. దాన్ని కడిగేది, ప్యాక్ చేసేది, ఆవిరి వేడితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌లో పెట్టేది, మధ్యలో మొండికేస్తే తిట్లు తినేది మాత్రం నేనే. నల్గొండలో ఒక చిన్న నర్సింగ్ హోంలో ఆపరేషన్ థియేటర్ (ఓటీ) టెక్నీషియన్‌ని. మాది మళ్లీ మళ్లీ స్టెరిలైజ్ చేసి వాడుకునే రకం హ్యాండ్‌పీస్, అంటే చేత్తో పట్టుకునే భాగం. 7 మిల్లీమీటర్ల నాళం దాకా సీల్ చేస్తుంది, అయిపోగానే టోన్ ఇస్తుంది. ఇవన్నీ వాడేవాళ్లకు తెలిసినవే, వదిలేస్తున్నా.

నాకు దీంట్లో బాగా నచ్చింది చేతి బటన్. ఇది రాకముందు టేబుల్ కింద రెండు పెడల్స్ ఉండేవి, ఒకటి కరెంటుతో కోసే కాటరీది, ఒకటి రక్తం ఆపే పాత బైపోలార్‌ది. మా సర్జన్ మేడం కాలితో తడుముకునేవారు, నేను వంగి పెడల్‌ని ఆమె పాదం కిందికి జరిపేవాణ్ని. ఒకసారి ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కారు కూడా. బటన్ వచ్చాక ఆ గోల లేదు. చూపుడు వేలితో నొక్కితే రెండు మూడు సెకన్లలో పని అయిపోతుంది. మొదటి ఏడాదంతా దీని భజనే చేశాను. మిర్యాలగూడలో పనిచేసే మా బ్యాచ్‌మేట్ ఫోన్ చేసి అడిగితే “కళ్లు మూసుకొని కొనమను” అన్నాను. ఇప్పుడైతే ఒక కన్ను తెరిచి కొనమంటాను.

పోయిన ఎండాకాలం, ఒక సాయంత్రం. దేవరకొండ దిక్కు నుంచి వచ్చిన పేషెంట్, ఫైబ్రాయిడ్లు, గర్భసంచి ఆపరేషన్. ఒక పక్క సాఫీగా అయిపోయింది. రెండో పక్క యుటరైన్ (గర్భసంచికి వెళ్లే రక్తనాళం) దగ్గరికి వచ్చి, మేడం నాబ్ (కొసను అటూ ఇటూ తిప్పే చక్రం) తిప్పి, జా (నాళాన్ని పట్టే దవడ) పెట్టి, బటన్ నొక్కారు. టోన్ లేదు. పరికరం కనెక్ట్ కాలేదని జనరేటర్ తెర మీద మెసేజ్. (జనరేటర్ అంటే కరెంటు పోతే వేసేది కాదు, సీలర్‌ని నడిపే పెట్టె.)

“ఏమైందయ్యా?”

“ప్లగ్ లూజ్ అయిందేమో మేడం, చూస్తున్న.”

పీకి మళ్లీ పెట్టాను, వచ్చింది. మేడం నాబ్ తిప్పగానే పోయింది. నిటారుగా పెడితే ఉంటుంది, ఎడమకు తిప్పితే ఉండదు. పెడల్ కూడా కలిపి చూశాను, అదీ లేదు. తనకు తగిలించింది ఏ పరికరమో తెలియకపోతే ఆ పెట్టె పవర్ ఇవ్వదు, బటన్ నొక్కినా అంతే, పెడల్ తొక్కినా అంతే. “తీసెయ్, క్లాంపులు ఇవ్వండి” అన్నారు మేడం. సిస్టర్ అందించింది. క్లాంప్ వేయడం, కోయడం, వైక్రిల్ దారంతో ముడి వేయడం, మళ్లీ పాత పద్ధతి. ఇంకో అరగంట పట్టింది. పేషెంట్ బాగానే ఉంది, నాలుగో రోజు ఇంటికి పోయింది. బయటికొచ్చాక మేడం నన్ను ఏమీ అనలేదు. రెండు మాటలు అన్నా బాగుండేది.

హైదరాబాద్ నుంచి సర్వీస్ ఇంజినీర్ రావడానికి మూడు వారాలు పట్టింది. ఆయన హ్యాండ్‌పీస్ పిడి విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. లోపల తేనె రంగు పట్టీ ఒకటి, ఎక్స్‌రే ఫిల్మ్ కంటే పలచన, దాని మీద సన్నటి రాగి గీతలు. నాబ్ కింద వంపు తిరిగి బటన్ల దాకా వచ్చింది. జాకి పవర్ మోసే లావు తీగలు వేరే ఉన్నాయి. ఈ పట్టీ మోసేది బటన్ కబురు, పరికరం గుర్తింపు, అంతే. ఆయన మల్టీమీటర్ పెట్టారు. పట్టీ చదునుగా ఉంటే కూత వస్తోంది, కాస్త వంచితే లేదు. భూతద్దంలో చూపించారు: ఒక రాగి గీతకు అడ్డంగా వెంట్రుక కంటే సన్నటి పగులు. ఒక పక్కకు వంగితే మూసుకుంటుంది, ఇంకో పక్కకు వంగితే తెరుచుకుంటుంది.

ఆటోక్లేవ్ వల్లే పోయిందని నేను అనుకున్నాను. కాదన్నారాయన. ఆ ఫిల్మ్ పాలీఇమైడ్ అనే ప్లాస్టిక్, సోల్డరింగ్ వేడినే తట్టుకుంటుంది, దానికి 134 డిగ్రీలు ఒక లెక్క కాదు. పోయింది వంపు వల్ల. సెంట్రింగ్ పనివాళ్లు బైండింగ్ వైరును అటూ ఇటూ వంచి తెంపుతారు చూడండి, రాగి కూడా అంతే, వంచిన కొద్దీ గట్టిపడి చిట్లుతుంది. ఎప్పుడూ కదిలే చోట వంపు వ్యాసార్థం పట్టీ మందానికి 100 రెట్లు ఉండాలని వాళ్ల లెక్కట. పదో వంతు మిల్లీమీటర్ పట్టీకి సెంటీమీటర్ కావాలి, ఈ పిడిలో అంత చోటు ఎక్కడిది? రాగి కూడా రోలర్ల కింద సాగదీసిన రకమైతే ఎక్కువ కాలం ఆగుతుందట. మాదాంట్లో ఏ రకం వేశారో ఆయన చెప్పలేదు.

“ఈ నాబ్ ఎట్ల కడుగుతున్నరు?” అని అడిగారు.

“నల్లా కింద పెట్టి గిరగిరా తిప్పుతా సార్, రక్తం పోవాలె గదా.”

నా మొహం చూసి ఊరుకున్నారు. నాబ్‌కి ఒక హద్దు ఉందని, దాటించొద్దని పుస్తకంలో ఒక లైను ఉందట. నేను రోజూ దాటించాను. తప్పులో నా వాటా అది, ఒప్పుకుంటా. కానీ బటన్ తీగనీ గుర్తింపు తీగనీ ఒకే పట్టీ మీద వేసి, ఒక్క పగులుకి పెడల్ కూడా పనికిరాకుండా చేసింది నేను కాదు. పైగా పట్టీ ఒక్కటే అమ్మరు. మొత్తం హ్యాండ్‌పీస్ కొత్తది కొనాల్సి వచ్చింది.

పాడైన పట్టీని అడిగి తీసుకున్నాను. ఊరికే ఉండలేక ప్రకాశం బజార్‌లో మొబైల్ రిపేర్ చేసే పిల్లాడికి చూపించాను. “ఫ్లెక్సే గదన్నా ఇది. మడత ఫోన్లల్ల గిట్లనే కట్ అయితది. ఏ మోడల్?” అన్నాడు. ఆపరేషన్ మోడల్ అన్నాను. వాడికి అర్థం కాలేదు. “జంపర్ ఏస్త, మూడొందలియ్యి” అన్నాడు. నవ్వి, జేబులో పెట్టుకొని వచ్చేశాను.

కొత్తది వచ్చి ఎనిమిది నెలలైంది. నాబ్ మీద మార్కర్‌తో చుక్క పెట్టుకున్నాను, కడిగేటప్పుడు చుక్కకు అటు పావు, ఇటు పావు తప్ప తిప్పను. ఇరుకు సందులకు మెత్తటి బ్రష్ వాడుతున్నా. పేషెంట్‌ని లోపలికి తేకముందే నాబ్ కుడికి ఒకసారి, ఎడమకి ఒకసారి తిప్పి తెర చూస్తాను. క్లాంపుల ట్రే మాత్రం తెరిచే ఉంటుంది, మేడం ఆర్డర్.

కొనాలా అంటే, మాకు వారానికి మూడు నాలుగు పెద్ద కేసులు, ఉన్నది ఒక్కటే హ్యాండ్‌పీస్. బీరువాలో ఇంకో రెండు పెట్టుకోగలిగే ఆస్పత్రికి నా గోల పట్టదు, పక్కన పడేసి ఇంకోటి తీస్తారు. మాలాంటి చోటైతే కొనేముందే స్పేర్ ధర అడగండి, గుర్తింపు పోతే పెడల్ పనిచేస్తుందా అని కూడా. బటన్ వదులుకోమంటే మాత్రం నేను వదులుకోను.

మొన్న మిర్యాలగూడ నుంచి ఆ బ్యాచ్‌మేట్ ఫోన్ చేశాడు. నా మాట విని కొన్నారు, ఏడాదిన్నరగా ఏ ఇబ్బందీ లేదట. “నాబ్ ఎట్ల కడుగుతున్నవ్?” అని అడిగాను. కొంచెంసేపు మాట్లాడలేదు.